పెన్సిలు గీత, ఇంటూ మార్కు

పైకప్పు మీద తొలి గునపం పోటు సోమవారం ఉదయం పడాలి. నాలుగేళ్ళుగా వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చిన ఆ పనికి భర్త చేత ‘సరే’ అనిపించేసరికి పెద్దకోడలికి తలప్రాణం తోకకు వచ్చింది. అత్తగారి గదిలో గోడ చెమ్మ పట్టింది; కప్పులోంచి వాన నీరు దిగుతోందని అందరి నమ్మకం. ఆ చెమ్మ ఏటేటా పాకి, ఇప్పుడు ఆవిడ ఊపిరికే అడ్డం పడుతోంది. ఇంకొక వానాకాలం ఆవిడ ఆ గదిలో గడపడానికి వీల్లేదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఏటా వానలు మొదలయ్యేనాటికి ఆవిడ కూతురింటికి వెళ్ళి, వెలిశాక వచ్చేది. ఈ ఏడు కూతురి కుటుంబం ఒంటిగది క్వార్టరుకు మారడంతో ఆ దారి మూసుకుపోయింది. వానలకు ఇక మూడు వారాలే గడువు. గది ఖాళీ చేయడానికి శనివారం నిర్ణయమైంది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి రావలసిన మేస్త్రీ పదింటికి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాటిని జతగా సర్ది, ఆకాశం వంక చూసి, మెడ తుడుచుకుని, అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు. పన్నెండేళ్ళుగా ఆ ఇంటి మరమ్మతులన్నీ అతని చేతిమీదుగానే జరిగాయి. ఆ పన్నెండేళ్ళలో అతను వేగంగా నడవగా చూసినవారు లేరు.

“సోమవారం అంటే సోమవారమేనమ్మా. నా మాట మీద నమ్మకం లేదా?” అన్నాడు, పెద్దకోడలి ముఖం చూసి.

“నీ మాట మీద నమ్మకం ఉంది మేస్త్రీ. నీ నడక మీదే లేదు.”

కళాశాల ఆఫీసులో టైమ్‌టేబుళ్ళు వేయడం ఆమె ఉద్యోగం. ముప్ఫై ఇద్దరు అధ్యాపకులను పద్దెనిమిది గదుల్లో ఒకరికొకరు అడ్డం రాకుండా ఇరవై ఆరేళ్ళుగా సర్దుతున్న మనిషికి, ఒక ఇంటి మరమ్మతును మూడు కాలాల్లో సర్దడం కష్టమేమీ కాదు. ఆమె వేసిన పట్టిక హాల్లో వేలాడుతోంది. వానలకు ముందు, పొడి వాతావరణంలో పైకప్పు. గాలిలో తడి ఉండి సిమెంటు నెమ్మదిగా గట్టిపడే వానాకాలంలో గదుల లోపలి పూత. ఆ పూత లోలోపలి దాకా ఆరిన తర్వాత, చలి మొదట్లో రంగులు. చెక్కలో తేమ పూర్తిగా పోయిన చలి చివర్లో తలుపులు. ప్రతి పనీ దాని ముందు పని మీద ఆధారపడింది. ఒకటి జారితే మిగిలినవన్నీ ఏడాదికి ఏడాది జారతాయి. ఆ సంగతి ఇంట్లో ఆమె ఒక్కతెకే అర్థమైందని చెప్పడం అతిశయోక్తి కాదు. మిగిలినవారికి ఆమె పట్టిక ఒక వేళాకోళం. ఆమె పేరు ‘క్యాలెండరు’.

ఆమె భర్త సర్వేయరు. ఎండాకాలంలో పని మాట ఎత్తితే, “ఈ ఎండల్లో వేసిన సిమెంటు బీటలు తీస్తుంది,” అనేవాడు. వానాకాలంలో, “తడిలో పైకప్పు తవ్వుతారుటే ఎక్కడైనా?” అనేవాడు. చలికాలంలో, “చలికి ఏదీ ఆరి చావదు,” అనేవాడు. పని చేయడానికి వీలున్న కాలం ఒకటి ఆయన దృష్టిలో ఉండేది. అది ఎప్పుడూ వచ్చే ఏడాదిలో ఉండేది. ఆమె మాట కాదని ఆయన సొంతంగా చేయించిన పని ఒక్కటే. వానలకు ఉబ్బి బిగుసుకున్న స్నానాలగది తలుపును అదే వానల్లో చిత్రిక పట్టించాడు. ఎండలు వచ్చేసరికి చెక్క కుంచించుకుపోయి, తలుపు కింద పిల్లి దూరేంత సందు మిగిలింది. దూరింది కూడా.

గదిలో అత్తగారు మంచం దిగి కుర్చీలో కూర్చున్నారు. ఆయాసం వల్ల ఆవిడ పడుకునేది నాలుగు దిండ్ల మీద. ఆ దిండ్లు గోడకు ఆనించి ఉండేవి. మంచం కోడుకు ఒక పురికొస, పురికొసకు ఒక పెన్సిలు ముక్క వేలాడుతూ ఉండేవి. వారపత్రికలో గళ్ళనుడికట్టు నింపడం ఆవిడకు ఇష్టమైన వ్యాపకం.

“దిండ్లు జాగ్రత్తే. నా గడులు అందులోనే ఉన్నాయి. నిలువు ఏడు మిగిలిపోయింది,” అన్నారు ఆవిడ.

“నిలువు సంగతి తర్వాత చూద్దాం అత్తయ్యా. ముందు గోడ సంగతి తేలనివ్వండి.”

మంచం జరిగింది. గోడ మొత్తం మొదటిసారిగా కంటికి ఆనింది. నడుం ఎత్తు నుంచి మొదలై, గుమ్మం వైపు పాకుతున్న పెద్ద గోధుమరంగు మరక; దాని అంచు వెంట, ఒకదాని పక్కన ఒకటిగా పై నుంచి కిందికి దిగిన నాలుగు పెన్సిలు గీతలు. ప్రతి గీత పక్కనా సంవత్సరం, అంగుళాలు, ముత్యాల్లాంటి చిన్న అంకెల్లో. ఏటా వానలు వెలిసిన తర్వాత వచ్చే తొలి ఆదివారం భర్త ఆ మరక అంచును గీసి పెట్టేవాడు. ఆ పని మాత్రం ఆయన ఒక్క ఏడాది కూడా వాయిదా వేయలేదు.

“చూశావా మేస్త్రీ? మ్యాపులో ఎత్తుగీతల్లా, కాంటూర్లు,” అన్నాడు ఆయన, నలుగురికీ చూపించదగిన వస్తువు దొరికినట్లు. “ఏడాదికి ఏడున్నర అంగుళాల లెక్కన పాకుతోంది. వానకి వాన.”

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పటిదాకా దిండ్లు కప్పి ఉంచిన చోట ఆమెకు వేరే ఏవో కనిపించాయి. భర్త గీతలు నాలుగూ దిండ్ల పైభాగం దాకా దిగి ఆగిపోయాయి. అంతకంటే కిందికి గీయాలంటే ఆయన దిండ్లు తీయాలి, తీసే మనిషి కాదు. ఆ ఆగిన చోటుకు జానెడు దిగువన, వరుసగా, చిన్న చిన్న ఇంటూ మార్కులు ఉన్నాయి. అవీ నాలుగే.

“ఇవేమిటండీ?”

“ఎలక్ట్రీషియన్ పెట్టిన గుర్తులై ఉంటాయి.”

“పడుకునే మంచం వెనక స్విచ్చి పెడతాడా ఎలక్ట్రీషియను?”

“అవా, అవి నావేలే,” అన్నారు కుర్చీలోంచి అత్తగారు. “కాలక్షేపం.”

ఆమె వెనక్కి తిరిగింది. “ఎప్పుడు పెట్టారు అత్తయ్యా?”

“ఏడాదికి ఒకటి. పిల్ల దగ్గరికి బయల్దేరే రోజు పొద్దున, పెట్టె సర్దేశాక. మరక ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఒక ఇంటూ. తిరిగొచ్చాక ఎంత పాకిందో చూసుకుందామని.”

“మరి తిరిగొచ్చాక ఎంత పాకేది?”

“ఏం పాకేది కాదు. అందుకే మీ ఆయన నా గుర్తు చూసే గీత గీస్తున్నాడేమో అనుకున్నా. వాడి గీత సరిగ్గా నా ఇంటూ మీదికే దిగేది.”

ఆమె మంచం కోడుకు వేలాడుతున్న పెన్సిలు ముక్క లాగి, అల్మారా మీద ఉన్న భర్త స్కేలు అందుకుని, గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి గీతను అది ఆగిన చోటి నుంచి, దాని వాలు చెడకుండా కిందికి పొడిగించింది. గీత మొదటి ఇంటూ మార్కు నడిమధ్యగా పోయింది. రెండోది పొడిగించింది. మూడోది. నాలుగోదానికి వచ్చేసరికి ఆమె చేతికి స్కేలు అక్కర్లేకపోయింది.

వానలకు ముందు ఆవిడ గుర్తు. వానల తర్వాత ఆయన గీత. రెండూ ఒకే చోట. అంటే కుంభవృష్టి కురిసిన నెలల్లో ఆ మరక వెంట్రుకవాసి కూడా కదలలేదు. అది పాకినదంతా చలికాలం దాటి, ఎండలు ముదిరి, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజుల్లో. భర్త కొలతలో తప్పు లేదు. ఏడాదికి ఒక్కసారి, అదీ వానలు వెలిసిన సంతోషంలో కొలవడంలో ఉంది తప్పు. ఆ కొలతను నమ్మి మేస్త్రీ పైకప్పు అన్నాడు. మేస్త్రీ మాటను నమ్మి ఆమె పట్టిక వేసింది. కొలతలు ఉన్నచోట ఎవరూ కళ్ళను నమ్మలేదు.

“ఇది వాన నీళ్ళు కాదు,” అంది ఆమె, లేస్తూ.

“ఒకటి రెండు కలుస్తాయిలే,” అన్నాడు భర్త.

“నాలుగూ కలిశాయి.”

“అమ్మ చెయ్యి వణుకుతుందే. పైగా పోయినేటి వాన తడి లోపల ఉండి, ఎండాకాలంలో బయటికి పాకొచ్చు కదా...”

“నా చెయ్యి వణుకుతుందా?” అత్తగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. “పోయిన వారం గడులన్నీ ఎవరు నింపారురా? అడ్డం పన్నెండు దగ్గర నువ్వేగా తప్పు చెప్పింది!”

మేస్త్రీ రెండు అరచేతులూ చాపాడు. “వాన కాకపోతే ఇంకేం నీళ్ళమ్మా? పైన ట్యాంకు అటు మూల ఉంది. ఈ గోడలో పైపు లేదు, కట్టినవాణ్ణి నాకు తెలుసు.”

“అందుకే మరి,” అన్నాడు భర్త, అప్పుడే ఊపిరి ఆడినట్లు. “తొందరపడి కప్పు తవ్వేసుకోవడం మంచిది కాదు. మొదట్నుంచీ కూర్చుని ఆలోచించాలి. వానలు తగ్గాక...”

“ఆ మాట ఇంకొక్కసారి అన్నారంటే ఈ స్కేలు విరుగుతుంది. ఎక్కడ విరుగుతుందో చెప్పను!” ఆమె గొంతు గదిలో మోగింది. “వానలు తగ్గాక అత్తయ్య ఉండాలా వద్దా? నాలుగేళ్ళు! గోడకి పక్కన కూర్చుని బొమ్మ గీసినట్టు గీశారే తప్ప, ఇది ఎందుకు పాకుతోంది అని ఒక్కసారి అడగాలనిపించలేదా మీకు?”

“నువ్వు మాత్రం అడిగావా?” అన్నాడు ఆయన, నెమ్మదిగా.

ఆ ప్రశ్న ఆమెను మరింత మండించింది. ఏదో అనబోయింది. అప్పుడే గోడ అవతలి నుంచి చప్పుడు వినిపించింది.

రేకు డబ్బా నేలకు ఒరుసుకున్న చప్పుడు. తర్వాత జల్లుగా నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ జల్లు ఒక అర నుంచి మరో అరకు బొట్లుబొట్లుగా దిగుతున్న చప్పుడు. రోజూ వినేదే. ఇంటివారి చెవులకు గడియారం టిక్కుటిక్కుమన్నట్లు అలవాటైపోయినదే. ఆమె అప్రయత్నంగా చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా పదకొండు.

నలుగురూ గోడ వంక చూశారు.

ఆ ఇల్లు రెండు వాటాలు. గోడ అవతలి వాటాలో మరిది, చిన్నకోడలు ఉంటారు. మరిది లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే గడుస్తాయి. చిన్నకోడలు ఎండాకాలమంతా ఇంట్లో, అరల మీది ట్రేలలో నారు పెంచుతుంది. వంగ, మిరప, టమాటా, పూల మొక్కలు. మొదటి వాన పడగానే తోటలవాళ్ళు వచ్చి ట్రేలకు ట్రేలు ఎత్తుకుపోతారు. ఆ తర్వాత మళ్ళీ ఎండలు వచ్చేదాకా అరలు ఖాళీ. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన విషయాన్ని తెలిసిన మరక పక్కన పెట్టి చూడడం ఒక్కటే జరగలేదు.

వెనక వసారా గుండా ఆమె అవతలి వాటాలోకి నడిచింది. వెనక భర్త, ఆయన వెనక తన తీరుబడిలోనే మేస్త్రీ.

“ఏంటక్కా, ముగ్గురూ కట్టగట్టుకుని వచ్చారు? ఏమైంది?” చిన్నకోడలు నీళ్ళ డబ్బా దించింది. ఆమె మోచేతుల దాకా మట్టి.

గోడ పొడవునా అయిదు అంతస్తుల ఇనుప అరలు. అర అరకూ ట్రేలు. ట్రే ట్రేలోనూ వేలెడు ఎత్తున, ఒక్కటి కూడా వాడకుండా, లేత ఆకుపచ్చగా నిలబడ్డ నారు. పై ట్రేలోంచి కారిన నీరు కింది ట్రేలోకి, అక్కడినుంచి ఇంకా కిందికి, చివరికి అరల వెనక గోడ మీదికి. ఆమె వంగి అరల సందులోంచి చూసింది. గోడ నల్లగా, నునుపుగా, పాచి పట్టి మెరుస్తోంది.

“ఎన్నిసార్లు పోస్తావు నీళ్ళు?”

“నాలుగు.”

“రోజుకి నాలుగుసార్లా? ఈ గోడకి ఆనించి పెట్టి, రోజుకి నాలుగుసార్లా? కొంచెమైనా ఆలోచన ఉందా నీకు? ఈ గోడ అవతల మనిషి పడుకుంటుందన్న ధ్యాస లేదా?”

చిన్నకోడలు ముందు తెల్లబోయింది. తర్వాత ఆమె ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపి, అరల చివర ఇనుప కడ్డీకి వేలాడుతున్న అట్ట వైపు చూపించింది.

ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన పట్టిక. అడ్డంగా గంటలు, నిలువుగా వారాలు. పొద్దున ఆరు, పదకొండు, మూడు, ఆరున్నర. పదకొండు కింద, మూడు కింద ఎర్ర పెన్సిలుతో రెండేసి గీతలు. దిగువన: ‘అరలు మధ్యగోడకు ఆనించి పెట్టాలి. అక్కడ ఎండ పడదు. ఒక్క పూట తప్పినా నారు దక్కదు.’

అక్షరాలు ఆమెవే.

“నువ్వు రాసిచ్చిందే అక్కా,” అంది చిన్నకోడలు. గొంతులో కోపం కంటే నిష్ఠూరం ఎక్కువగా ఉంది. “మొదటిసారి వేసిన నారంతా ఎండిపోతే, బుద్ధి లేదు, వేళాపాళా లేదు, ఇలాగైతే నువ్వేం బాగుపడతావు అని తిట్టి, ఆ సాయంత్రమే రాసి తెచ్చిచ్చావు. నాలుగేళ్ళలో ఒక్క పూట తప్పలేదు నేను. జ్వరం వచ్చినా తప్పలేదు.”

ఆమెకు గుర్తుకొచ్చింది. మరిది పని పోయి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్న ఏడు అది. తోడికోడలి అస్తవ్యస్తాన్ని చూడలేక, సాయం చేయాలన్న ఆరాటం కంటే విసుగే ఎక్కువై, అరగంటలో గీసి పడేసిన పట్టిక. ఆ పట్టిక వల్ల నారు బతికింది; నారు వల్ల ఆ వాటా నిలబడింది; అదే పట్టిక వల్ల గోడ తడిసింది; తడిసిన గోడకు ఆనుకుని అత్తగారు ఊపిరి ఆడక నాలుగు దిండ్ల మీదికి చేరారు. హాల్లో వేలాడుతున్న మరమ్మతు పట్టిక, ఇక్కడ వేలాడుతున్న నీళ్ళ పట్టిక. రెండూ ఆమె చేతివే. నాలుగేళ్ళుగా ఒకే గోడకు రెండు వైపులా నిలబడి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి.

“మేస్త్రీ,” అంది ఆమె, “అరలు పక్కకి లాగి చూడు.”

వచ్చిన ముగ్గురూ పట్టి అరలను మూరెడు జరిపారు. మేస్త్రీ వంగి, బొటనవేలితో గోడను నొక్కాడు. పూత పెచ్చులా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక ఇటుక అంచును గిల్లాడు. ఇటుక తడిసిన రస్కులా విరిగింది. అతను ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, తల పైకెత్తాడు. గోడ కొసన, సరిగ్గా ఆ పాచి పట్టిన భాగానికి పైన, పైకప్పు దూలం చివర ఆని ఉంది.

“పైకప్పు బానే ఉందమ్మా,” అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని గొంతులో సంతోషం లేదు. “దాన్ని మోసేదే బాలేదు.”

“బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“చెయ్యడానికి నాలుగు రోజులు. కానీ ముందు ఎండాలి. ఈ తడి మీద తాపీ పెడితే మొత్తం జారిపోద్ది. తక్కువలో తక్కువ మూడు వారాలు, చుక్క నీరు తగలకుండా. వానలొస్తే గాలిలో తడికి ఇంక ఎండదు.”

“మూడు వారాలు,” అంది ఆమె.

“నాక్కూడా ఆ మూడు వారాలే అక్కా,” అంది చిన్నకోడలు. “మొదటి వానకి ఇవన్నీ వెళ్ళిపోతాయి. నువ్వు చెప్పకపోయినా అప్పుడు నేనే ఆపేస్తాను. ఇప్పుడు ఆపితే రెండు రోజుల్లో చచ్చిపోతాయి. బయట పెడితే ఒక్క పూటకి మాడిపోతాయి. ఇల్లంతా వెతికాను, ఎండ పడని గోడ ఇంకోటి లేదు. మా ఏడాదంతా ఇందులోనే ఉందక్కా.”

“పోనీ, కొంచెం కొంచెంగా పోస్తే...” అన్నాడు భర్త.

“మీరు ఊరుకోండి.”

“బావగారు అన్నదీ చూశాను. రెండుసార్లకి తగ్గిస్తే కొసలు మాడుతున్నాయి.” చిన్నకోడలు కడ్డీకి కట్టి ఉన్న ఎర్ర పెన్సిలు విప్పింది. దానిని పట్టికతో పాటు తోడికోడలి చేతిలో పెట్టింది. “నువ్వు రాసిచ్చావు. నేను పాటించాను. అత్తయ్య ఊపిరి కంటే నాకు నారు ఎక్కువని ఎవరూ అనకూడదు. ఆపమంటే ఈ క్షణమే ఆపేస్తాను. కానీ నీ రాత నువ్వే కొట్టెయ్యక్కా. నా చేత కొట్టించకు.”

తర్వాతి తడి మూడు గంటలకు. ఆమె పెన్సిలు మొనను ‘మూడు’ మీద ఆనించింది. ఇరవై ఆరేళ్ళలో కొన్ని వేల గడులను ఆమె కొట్టివేసింది. ఒక గంట తీసి మరో గంటలో సర్దింది. ఈ గడిని తీసి సర్దడానికి ఎక్కడా ఖాళీ లేదు. ఒకే గోడ, ఒకే మూడు వారాలు. ఒక వైపు కొట్టివేయనిదే రెండో వైపు నిలవదు. చిన్నకోడలు ఆమె చేతినే చూస్తోంది. నారు మీది నుంచి నీటి బొట్టు ఒకటి జారి, కింది ట్రేలో పడింది.

“ఏమే పెద్దదానా!” గోడ అవతలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది, కోపంగా కాదు, గళ్ళలో పట్టని అక్షరం ఎదురైనప్పటి ఆశ్చర్యంతో. “ఈ ఏటి ఇంటూ పెడదామని ఆనించానే. పెన్సిలు లోపలికి దిగిపోతోంది... మొత్తం దిగిపోయిందే!”

మేస్త్రీ తలెత్తి దూలం వంక చూశాడు. అతని చేతిలోని ఇటుక ముక్క నేల మీద పడింది.

“అమ్మగారిని ఆ గోడ దగ్గర్నుంచి లెమ్మనండి,” అన్నాడు. ఎవరూ కదిలేలోపే, పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా వేగంగా అడుగు వేసి ఎరుగని ఆ మనిషి, నీళ్ళ డబ్బాను కాలితో తన్నుకుని, వసారా గుండా పరుగెత్తాడు.